చెంగమ్మ చావు నేను చెప్పిన తీరు

పదకొండేళ్లుగా ఒక మనిషి చావును మోస్తున్నాను. ఆమె చచ్చిపోయిందో లేదో నాకు తెలియదు.

ఈ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి పెడితే మీకు అర్థం కాకపోవచ్చు. నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. పూతలపట్టు కూడలి నుంచి లోపలికి పోయే దారిలో, చెరకు తోటల మధ్య ఉండే పల్లె అనుకోండి, చాలు. నిన్ను నువ్వు కాపాడుకోవడానికే పేరు దాస్తున్నావా అంటే, అవుననే చెప్పాలి. ఇంకా అంత ధైర్యం రాలేదు. మిగతాది దాచను. మధ్యలో ఎక్కడైనా ఆగితే మాట కోసం వెతుక్కుంటున్నానని అనుకోండి. అబద్ధం కోసం అనుకోకండి. అబద్ధం కోసం నేనెప్పుడూ వెతుక్కోలేదు. అది దానంతట అదే వచ్చింది.

మా నాయన ఆ ఊళ్లో చర్చి సంఘ పెద్ద. చెరకు పండించేవాడు, సొంతంగా బెల్లం గానుగ ఉండేది. చలికాలం వస్తే మా ఇంటి చుట్టూ చెరకుపాలు కాగే వాసన. ఆ వాసనతోనే మాకు క్రిస్మస్ వచ్చేది. గానుగలోకి చెరకులు అందించే పని ఆడవాళ్లది. వాళ్లలో చెంగమ్మ ఒకామె. మా చర్చి మనిషే. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది. రాగం తప్పినా ఆపేది కాదు.

ఒక ఏడు, పని జోరు మీద ఉన్నప్పుడు, చెరకుతో పాటు ఆమె కుడిచెయ్యి రోలర్ల మధ్యకు పోయింది. ఇంజన్ ఆపేలోపల మణికట్టు దాటి నలిగిపోయింది. నాయన ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయాడు. చెయ్యి తీసేశారు. ఆ ఆదివారం నాయన చర్చిలో నిలబడి, మా గానుగ దగ్గర ప్రాణం పోకుండా కాపాడిన దేవునికి స్తోత్రం అన్నాడు. అందరం ఆమెన్ అన్నాం. నేను గట్టిగానే అన్నాను. చెంగమ్మ ఇంటికి రెండు మూటల బియ్యం పోయాయి. ఆ తర్వాత ఆమెను పనికి పిలవలేదు. కొన్నాళ్లకు ఆమె ఊరు వదిలి, పక్కన పారే వంక అవతల గుట్ట కింద గుడిసె వేసుకుంది. చర్చికి రావడం మానేసింది. ఎందుకు మానేసిందని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నామేమో.

నాయన పోయాక గానుగ మా తమ్ముడి చేతికి వచ్చింది. నేను పక్క ఊరి బడిలో టీచరును. చర్చిలో స్త్రీల సమాజం పనులన్నీ నావే. ఆ ఏడు చర్చికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. ముప్పై దాటని మనిషి, కార్వేటినగరం వైపు వారు. ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు వారాల్లో, మేము ప్రతి ఏడూ పేదలకు దుప్పట్లు పంచేవాళ్లం. వరసగా నిలబెట్టి ఫొటో తీయించుకునేవాళ్లం. మొదటి ఆదివారం, మొదటి కొవ్వొత్తి వెలిగించాక, అయ్యగారు అన్నారు:

“ఈ తూరి దుప్పటి ఇచ్చేసి వచ్చేది లేదు. ఒక్కొక్కరు ఒక్కో ఇంటికి పోండి. కూర్చోండి. మీకేం అన్యాయం జరిగింది అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోని రాండి. నాలుగో ఆదివారం అందరి ముందరా చదువుదాం. ఆయన వచ్చేలోపల మనం సరిజెయ్యాల్సింది ఏముండాదో తెలుసుకుందాం.”

ఇళ్ల పేర్లు చదివారు. చెంగమ్మ పేరు రాగానే నేను చెయ్యెత్తాను. వెనక నుంచి ఎవరో, నాయన బుద్ధే వచ్చింది అన్నారు.

చెయ్యి ఎందుకెత్తాను? జాలితోనా? చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నాను. కాదు. ఇంకొకరు పోకూడదని ఎత్తాను. ఇంకొకరు పోయి ఆ ప్రశ్న అడిగితే ఆమె చెప్పే పేరు ఒక్కటే. నాయన పోయి ఏడాది కూడా కాలేదు. చర్చి గోడకు ఆయన పేరు చెక్కిన నల్లరాయి అప్పుడే పెట్టాం. ఆ రాయి ఎదుట నిలబడి ఆ కాగితం చదువుతారా? నేను పోతే, ఆమె ఏం చెప్పినా రాసేది నేనే కదా అనుకున్నాను.

తీరా పోలేదు. ఆ వారమంతా ముసురు. వంకలో మోకాటి లోతు నీళ్లు పారుతున్నాయి. మోకాటి లోతే, దాటొచ్చు. గట్టు మీద నిలబడి చూశాను. అవతల గుడిసె కప్పులోంచి పొగ వస్తోంది. ఆమె ఏదో వండుకుంటోంది. ఆ పొగ వైపు చూసినకొద్దీ కాళ్లు వెనక్కే లాగాయి. ఇంటికి వచ్చేశాను.

రెండో ఆదివారం అయ్యగారు ఒక్కొక్కరినీ అడుగుతూ నా దగ్గరికి వచ్చారు. వంక పారుతోంది, పోలేకపోయాను అంటే సరిపోయేది. అలా అంటే వచ్చే వారం మళ్లీ పోవాలి. లేదా ఇంకొకరు పోతారు.

“చెంగమ్మ సచ్చిపోయింది అయ్యగారూ,” అన్నాను.

ఆ మాట అన్నదెవరా అని నేనే చుట్టూ చూశాను.

తర్వాత అంతా సులువుగా జరిగిపోయింది. నేను పోయేసరికి ఆమెకు ఆఖరి ఊపిరి అన్నాను. తల కింద మడిచిన గోనెపట్ట ఉందన్నాను. ఆమె తల ఒళ్లో పెట్టుకుని నోట్లో నీళ్లు పోశానన్నాను. అందరినీ క్షమించానని చెప్పి కళ్లు మూసిందన్నాను. ఎక్కడ పూడ్చారని ఎవరో అడిగారు. గుడియాత్తం నుంచి వాళ్ల చుట్టాలు వచ్చి తీసుకుపోయారన్నాను. గుడియాత్తం ఎందుకు వచ్చింది నోటికి? అరవదేశం కాబట్టి, ఎవరూ పోయి అడగరు కాబట్టి. అయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. సంఘమంతా లేచి నిలబడి ఆమె ఆత్మ కోసం ప్రార్థన చేసింది. రెండో కొవ్వొత్తి నా చేత వెలిగించారు.

మూడో వారం పక్క ఊరి సంఘంలో కూడా ఆ సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. రెండోసారి చెప్పినప్పుడు ఇంకా బాగా వచ్చింది. చెబుతూ నేనే ఏడ్చాను. అవి దొంగ కన్నీళ్లు కావు. అదే నాకు ఇప్పటికీ భయం. నా కళ్ల ముందు ఆమె నిజంగానే చచ్చిపోతోంది.

ఇక ఊళ్లో మాటలు మొదలయ్యాయి. గుట్ట కింద పొగ కనిపిస్తోందన్నారు. చచ్చిన దాని పొయ్యి ఇంకా ఆరలేదన్నారు. మేకలు కాసే అతను పట్టపగలు ఆమె నీళ్లు ముంచుకోవడం చూశానని, మేకల్ని వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతనికి జ్వరం తగిలింది. జనం ఆ దారిన పోవడం మానేశారు. వంక ఇవతల ఎవరో నిమ్మకాయలు కోసి పెట్టారు. ఒక మధ్యాహ్నం ఉప్పు కోసం ఆమె ఊళ్లో అంగడికి వచ్చిందట. అంగడామె కేక పెట్టి తలుపు వేసుకుంది. వీధిలో తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. ఒంటిచేతి ముసలామె ఖాళీ వీధిలో కాసేపు నిలబడి, వచ్చిన దారినే పోయిందట.

ఊరంతటికీ ఆమె దయ్యం. నాకొక్కదానికే తెలుసు, ఆమె ఉప్పు కోసం వచ్చిన మనిషని.

నాలుగో ఆదివారానికి ముందు రోజు, మిట్టమధ్యాహ్నం, వంక దాటాను.

ఆమె గుడిసె ముందు కూర్చుని ఉంది. చేట మోకాళ్ల మధ్య బిగించి ఎడమచేత్తో అలసందలు ఏరుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

“రా అమ్మణ్ణీ, కూసో. నన్ను సూసి పరిగెత్తకుండా ఉండేది నువ్వొక్కదానివే,” అంది. చేటలోంచి ఒక రాయి ఏరి పారేసి, “నేను సచ్చిపోయినానంట గదా,” అంది.

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“అంగడామె తలుపు సందులోనించి సెప్పింది. నీకు ప్రార్థన గూడా అయిపోయింది, ఇంక పో తల్లీ అని దణ్ణం బెట్టింది. నా సావు సెప్పింది నువ్వేనంట. శానా బాగా సెప్పినావంట, అందురూ ఏడ్సినారంట.” అలసందలు ఏరడం ఆపలేదు. “నాకూ సెప్పు. ఇంటాను.”

“అవ్వా...”

“సెప్పు. నా సావు నాకు తెలవకపోతే ఎట్ట?”

చెప్పాను. ఎందుకు చెప్పానని అడగకండి. రెండు మూడు మాటలు తడబడ్డాక, నా గొంతు చర్చిలో పలికినట్టే పలకడం మొదలుపెట్టింది. ఎండ కాస్తోంది. చుట్టుపక్కల పురుగు సద్దు కూడా లేదు. ఆమె ఎవరి కథో విన్నట్టు తల ఊపుతూ వింది. నీళ్ల మాట దగ్గర చెయ్యెత్తి ఆపింది.

“ఎవురు పోసినారు, నువ్వా? అయితే పొయ్యి. ఆడ కుండ ఉండాది.”

చెంబుతో ముంచి తెచ్చి ఆమె నోట్లో నీళ్లు పోశాను. కళ్లు మూసుకుని తాగింది. నీళ్లు గడ్డం మీదుగా కారాయి. తాగడం అయిపోయింది. కళ్లు తెరవలేదు. చేట మీది చెయ్యి కదల్లేదు. ఛాతీ కదులుతోందో లేదో కనిపించలేదు. నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను.

అప్పుడు నా లోపల ఏముందో ఇంతవరకూ ప్రార్థనలో కూడా చెప్పలేదు. తెరవకుండా ఉంటే బాగుండు అనుకున్నాను. అంతే. అదే నా మనసు.

ఆమె కళ్లు తెరిచింది. “ఆ తర్వాత?” అంది.

“గుడియాత్తం నించి మీవాళ్లు వచ్చి తీసకపోయినారు.”

నవ్వింది. “గుడియాత్తంలో నాకెవురుండారు? పోనీలే. ఉంటే బాగుండు.” చేట పక్కన పెట్టింది. “ఏమన్యాయం జరిగిందో అడగమని అయ్యోరు మిమ్మల్ని పంపించినాడంట గదా. మేకలాయన సెప్పినాడు, నేను ఇంకా బతికున్నెప్పుడు. నువ్వు అడగలా.”

తలొంచుకున్నాను.

“మీ నాయన పేరు సెప్తాననుకున్నావు. ఆయన పోయినాడు. నా సెయ్యీ పోయింది. ఆ రెండూ తిరిగి రావు. నేను సెప్పాలనుకునింది వేరే. మీ గానుగకు ఈ పొద్దుకీ అడ్డం లేదు. నాగరత్న అని కొత్త కోడలు ఆడ చెరుకులు పెడతాండాది. వంక కాడ నించి సూస్తాంటాను. మాట్లాడుకుంటా, నవ్వుకుంటా, సూడకుండా పెడతాది. నేనూ అట్లే పెట్టేదాన్ని. ఒక ఇనుప రేకు అడ్డం కొట్టిస్తే సాలు. సచ్చినదాని మాట ఎవురింటారు? నువ్వు సెప్పు. అందురి ముందరా సెప్పు. నేను బతికుండానని సెప్పి, ఇది నేను సెప్పినానని సెప్పు.”

“సెప్తాను అవ్వా,” అన్నాను.

మర్నాడు ఉదయం చర్చి నిండిపోయింది. నాలుగు కొవ్వొత్తులూ వెలుగుతున్నాయి. అయ్యగారు ఒక్కో ఇంటి మాటా చదివారు. ఒకరి దారి మూసేశారు. ఒకరిని బోరింగు దగ్గరికి రానివ్వలేదు. వింటూ జనం తలలు దించుకున్నారు. చివర చెంగమ్మ పేరు చదివి ఆయన కాగితం మడిచారు.

“ఈమెను మనం అడగలేకపోయినాము. ఆమె చెప్పాల్సిన మాట కోసం ఒక నిమిషం మౌనంగా ఉందాం,” అని కళ్లు మూసుకున్నారు.

ఆ మాట నా నోట్లో ఉంది. లేచి నిలబడితే చాలు.

వెనక వరసల్లో ఏదో కదిలింది, చెరకు తోటలోకి గాలి దూరినట్టు. తిరిగి చూశాను. వాకిట్లో చెంగమ్మ నిలబడి ఉంది. ఒక కాలు గడప మీద, ఒక కాలు బయట. మొండిచెయ్యి పైటలో చుట్టుకుని ఉంది. చూసినవాళ్లు చూశారు. ఒకామె పిల్ల ముఖాన్ని ఒళ్లో దాచుకుంది. అయ్యగారి కళ్లు మూసే ఉన్నాయి. తెరిచినా, ఆమెను ఆయన ఎప్పుడూ చూసి ఎరగరు.

ఆమె ఎవరినీ చూడలేదు, నన్ను తప్ప. ఆ చూపులో కోపం లేదు. బడిలో పిల్లలు చెయ్యెత్తి టీచరు పిలుస్తుందేమోనని చూస్తారే, అలా చూసింది.

నేను తలొంచి కళ్లు మూసుకున్నాను. ప్రార్థనలో ఉన్నట్టు.

ఆమెన్ అన్నాక చూస్తే వాకిట్లో ఎండ మాత్రమే ఉంది.

బయటికి రాగానే ఆడవాళ్లు నన్ను పట్టుకుని ఏడ్చారు. నువ్వు నీళ్లు పోసినందుకు ఆత్మ వచ్చి కనబడి పోయిందన్నారు. అయ్యగారు నా దగ్గరికి వచ్చి, “నువ్వూ చూసినావా అమ్మా?” అని మెల్లగా అడిగారు.

“చూసినాను,” అన్నాను. ఆ నెల మొత్తంలో నేను పలికిన నిజం అదొక్కటే.

క్రిస్మస్ అయ్యాక గుట్ట కిందికి పోయాను. గుడిసె ఊడ్చి శుభ్రంగా ఉంది. పొయ్యిలో బూడిద కూడా తీసేసింది. కుండ బోర్లించి ఉంది. ఆమె లేదు. ఎవరూ వెతకలేదు. చచ్చిపోయిన మనిషిని ఎవరు వెతుకుతారు?

తమ్ముడితో గానుగ మాట ఎత్తాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎవరు చెప్పారని అడుగుతాడు. చెంగమ్మ అనాలి. ఎప్పుడు అంటాడు. అక్కడ ఆగిపోయేదాన్ని. నాకే తోచిందని చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను. ఆ రేకు పెడితే ఆమె బతికి ఉందని ఒప్పుకున్నట్టే అవుతుందని భయపడ్డానేమో. జనవరిలో, పండగ అయిపోయిన వారానికి, నాగరత్న కుడిచేతి మూడు వేళ్లు గానుగలో పోయాయి. మర్నాడే తమ్ముడు రేకు కొట్టించాడు.

ఆ తర్వాత నేను వెతకడం మొదలుపెట్టాను. తిరుపతి బస్టాండులో, కొండకు పోయే జనంలో, చెయ్యి పైటలో చుట్టుకున్న ముసలామె కనిపిస్తే చాలు, వెంటపడేదాన్ని. దగ్గరికి పోతే వాళ్లకు రెండు చేతులూ ఉండేవి. ఒక ఎండాకాలం గుడియాత్తం పోయాను. అక్కడ ఎందుకు ఉంటుంది? అది నేను అల్లిన ఊరు కదా. అయినా పోయాను. అక్కడొక చర్చి ముందు పూలు కట్టే ఆమె తెలుగు మాట్లాడింది. ఒంటిచేతి అవ్వ ఒకామె కొన్ని నెలలు ఆ వసారాలో ఉందని చెప్పింది. నా చుట్టాలు నన్ను తీసకపోయేదానికి ఈడికే వస్తారు అని, వచ్చేపోయేవాళ్లను చూస్తూ కూర్చునేదట. పేరడిగితే, నేను సచ్చిపోయినదాన్ని, పేరు ఊళ్లోనే వదిలేసినాను అనేదట. ఒక రోజు కనిపించలేదట. ఎక్కడికి పోయిందో ఆ పూలామెకు తెలియదు.

వెనక్కి వచ్చే బస్సులో ఆగిన ప్రతి చోటా కిటికీలోంచి ముసలామెల చేతులు చూస్తూనే ఉన్నాను.

ఇక మా ఊళ్లో? అది అద్భుతం అయింది. ప్రతి ఆగమన కాలంలో ఆ సాక్ష్యం చెప్పమంటారు. అయ్యగార్లు మారారు, కథ మారలేదు. చెబుతూనే వచ్చాను. ఆ కథ విని ఎవరైనా పేదల ఇంటికి నీళ్లు తీసుకుపోతే మంచిదే కదా అని సర్దిచెప్పుకున్నాను. కొందరు నిజంగానే పోయారు కూడా. అబద్ధంలోంచి మంచి పుడితే అది ఎవరి ఖాతా? నాదైతే కాదు.

ఈ ఏడు మొదటి కొవ్వొత్తి వెలిగించిన మర్నాడు నాగరత్న దగ్గరికి పోయాను. ఇప్పుడు ఆమె కూడలిలో జామకాయలు అమ్ముతోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను, వంక గట్టు నుంచి గడప దాకా. ఆమె రెండు వేళ్లతో కాయలు తుడుస్తూనే వింది. నేను ఆపాక ఒక్కటే అడిగింది.

“ఆ రేకు కొట్టించేదానికి ఎంత సేపు పట్టింది?”

“ఒక పూట,” అన్నాను.

తల ఊపింది. చిత్తూరు బస్సు వచ్చి ఆగింది. కిటికీలోంచి ఎవరో పిలిస్తే బుట్ట ఎత్తుకుని పోయింది. నేను అక్కడ ఉన్నంతసేపూ మళ్లీ నా వైపు రాలేదు.

వచ్చే ఆదివారం నన్ను మళ్లీ సాక్ష్యం చెప్పమన్నారు. అక్కడ నిలబడి ఏ మాట వస్తుందో నాకు తెలియదు. నా నోటిని నేను నమ్మను. అందుకే ముందు మీకు రాశాను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, ఆ హక్కు మీదీ కాదు. రాశాక ఊపిరి కొంచెం లోపలి దాకా పోతోంది, అంతే.

చెంగమ్మ ఆ రోజు బతికే ఉంది. ఒక మాట చెప్పమని నన్ను అడిగింది. నేను చెప్పలేదు.